‘లైట్ రావట్లేదన్నా’ అన్న కుర్రాడి గురించి

కంట్రోల్ రూమ్ అంటే పెద్దగా ఊహించుకోకండి. గుంటూరు జిల్లాలో ఒక చిన్న పట్టణం. కేబుల్ ఆపరేటర్ ఇంటి మేడ మీద ఏసీ బిగించిన గది. రెండు ర్యాకులు, ఒక యూపీఎస్, మూలన వైర్ల చుట్టలు, గోడకి వెంకటేశ్వరస్వామి క్యాలెండర్. కొత్తగా లాగిన ఫైబర్ లైనుకి, అంటే గాజు పోగులో కాంతిగా సిగ్నల్ పోయే లైనుకి, టీవీ సిగ్నల్ వెళ్ళడం లేదని ఫోనొస్తే వెళ్ళాను. నా వెంట పనిలో చేరి రెండు నెలలైన కుర్రాడొకడు ఉన్నాడు. నేను సంచి కిందపెట్టి జిప్పు తీసేలోపు వాడు సిగ్నల్ పెంచే యాంప్లిఫయర్ నుంచి వచ్చే ప్యాచ్ కార్డ్‌ని (చిన్న ఫైబర్ ముక్క) ఎఫ్‌ఎంఎస్ (ఫైబర్లన్నీ కలిపే పెట్టె) దగ్గర ఊడదీశాడు. పచ్చ కనెక్టర్ మూతిని జానెడు దూరంలో పట్టుకుని చూశాడు. ఏమీ కనపడలేదు. ఇంకాస్త దగ్గరికి తెచ్చుకుంటూ "అన్నా, లైట్ రావట్లేదు" అన్నాడు.

వాడి చెయ్యి మీద ఒక్కటి వేశాను. కార్డ్ జారి కింద పడింది. తీసి, తుడిచి, కాంతి పవర్ కొలిచే మీటర్‌కి పెడితే 19.6 డీబీఎం (కాంతి పవర్‌కి మేం వాడే కొలత) చూపించింది. సుమారు 91 మిల్లీవాట్లు. వాడికి తిట్టినట్టు అనిపించిందేమో, మొహం చిన్నబుచ్చుకున్నాడు. "లైట్ వస్తే కనపడాలి కదన్నా?" అని అడిగాడు.

ఆ ప్రశ్నకి కోపం తెచ్చుకోవడానికి ఏమీ లేదు. పుట్టినప్పటి నుంచి మనందరికీ తెలిసిన లైట్ అంటే కనపడేదే. దీపం వెలిగితే కనపడుతుంది, టార్చి వేస్తే కనపడుతుంది, ఎండ కళ్ళలో పడితే కళ్ళు వాటంతటవే మూసుకుంటాయి. కనపడని లైట్ అనేది ఒకటుందని, అది కూడా కంటిని కాల్చగలదని ఎవరైనా కూర్చోబెట్టి చెప్తే తప్ప ఎలా తెలుస్తుంది? వాడికి నిచ్చెన ఎక్కడం నేర్పాం, కనెక్టర్ కొట్టడం నేర్పాం, కస్టమర్ దగ్గర డబ్బులు వసూలు చెయ్యడం నేర్పాం. ఇది నేర్పలేదు. ఆ రాత్రంతా నాకు అదే ఆలోచన.

మన కంటికి సుమారు 400 నుంచి 700 నానోమీటర్ల దాకా ఉన్న కాంతి కనపడుతుంది. ఇంట్లో పెట్టే మామూలు ఫైబర్ నెట్‌లో కిందికి వచ్చే కాంతి 1490 నానోమీటర్లు, ఇంటి నుంచి పైకి వెళ్ళేది 1310. టీవీ సిగ్నల్ 1550. పది గిగాబిట్ల కొత్త లైన్లలో కిందికి వచ్చేది 1577. ఇవేవీ మనకి కనపడవు. 1400 లోపు ఉన్నవి కంటి లోపలికి దూరి వెనకున్న తెర, రెటీనా దాకా వెళ్తాయి. కంట్లోని లెన్స్ ఆ కాంతిని ఒక సూది మొనంత చోటికి కుదిస్తుంది. చిన్నప్పుడు భూతద్దంతో కాగితం కాల్చాం కదా, అదే పని. 1400 దాటినవి రెటీనా దాకా పోవు, కంటి ముందు భాగంలోని నీరు, కార్నియా పీల్చుకుంటాయి. అందుకే 1550 కాస్త నయం అంటారు. నయమే. కానీ ఎంత పవర్ దాకా? 1550లో క్లాస్ 1, అంటే మామూలుగా వాడుకుంటే ప్రమాదం లేదు అనడానికి పెట్టుకున్న హద్దు సుమారు 10 మిల్లీవాట్లు. మా కుర్రాడి చేతిలో ఉన్నది దానికి తొమ్మిది రెట్లు.

మరి వాడికి ఏమీ ఎందుకు కాలేదు? ఫైబర్ మూతి నుంచి వచ్చే కాంతి సినిమాల్లో చూపించే లేజర్ గీతలా తిన్నగా పోదు. తొమ్మిది మైక్రాన్ల సన్నటి కోర్ నుంచి బయటపడగానే గరాటాలా విచ్చుకుంటుంది. రెండు సెంటీమీటర్ల దూరంలో దాదాపు మొత్తం కంటిపాపలో పట్టేస్తుంది. జానెడు దూరంలో పదో వంతు కూడా పట్టదు. మీటరు దూరంలో నూరో వంతు కూడా రాదు. వాడిని కాపాడింది ఆ జానెడు దూరమే. నేను ఒక్క నిమిషం ఆలస్యంగా సంచి దించి ఉంటే ఆ దూరం రెండు అంగుళాలయ్యేది.

ఫైబర్ కాంతి తగిలి చూపు పోయినవాళ్ళు నాకు తెలిసినవాళ్ళలో ఒక్కరూ లేరు. మా పనిలో మనుషుల్ని తీసుకుపోయేవి నిచ్చెన, కరెంటు స్తంభం. ఏపీ ఫైబర్‌నెట్ వచ్చినప్పుడు కేబుల్‌ని కరెంటు స్తంభాల మీదుగానే లాగారు. చిన్న ఆపరేటర్లూ అదే దారి. పైన కరెంటు, కింద మేము. కాబట్టి లేజర్‌ని అన్నిటికన్నా పెద్ద భూతంలా చూపిస్తే అది అబద్ధం అవుతుంది. కానీ "పదిహేనేళ్ళుగా చేస్తున్నాం, ఎవడికేమైంది?" అనే మాట ఎప్పుడు విన్నా నాకు మండుతుంది. ఏమీ కాలేదని మనకి ఎలా తెలుసు? రెటీనాకి నొప్పి తెలియదు. పక్క భాగంలో చిన్న మచ్చ పడితే మనకి తెలియను కూడా తెలియదు, మెదడు ఆ ఖాళీని చుట్టుపక్కల బొమ్మతో నింపేస్తుంది. పనిలో చేరేటప్పుడు ఎవరి కళ్ళూ పరీక్ష చేయించలేదు. నలభై ఏళ్ళకి చూపు మందగిస్తే షుగర్ అనుకుంటాం, వయసు అనుకుంటాం. ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు. చూడనిదాన్ని పట్టుకుని "ఏమీ కాలేదు" అని సాక్ష్యం ఎలా చెప్తాం?

ఇంకోటి. పదిహేనేళ్ళ కిందటి పవర్ వేరు, ఇప్పటి పవర్ వేరు. నేను చేరినప్పుడు ఊరూరికీ ఒక స్విచ్, దాని నుంచి ఇంకో స్విచ్‌కి ఒక ఫైబర్, రెండు వైపులా చిన్న లేజర్లు. 0 డీబీఎం అంటే 1 మిల్లీవాట్. అటూ ఇటూ అంతే. ఇప్పుడు ఒక్క ఫైబర్‌ని స్ప్లిట్టర్‌తో 32 ఇళ్ళకి, 64 ఇళ్ళకి పంచుతున్నాం. అంతమందికి పంచాలంటే మొదట్లో ఎక్కువ పొయ్యాలి. నెట్ వరకైతే ఓఎల్‌టీ (కంట్రోల్ రూమ్ నుంచి నెట్ కాంతి పంపే పెట్టె) నుంచి బయల్దేరేది మామూలుగా 2 నుంచి 5 మిల్లీవాట్లు, పెద్ద సంగతేం కాదు. టీవీ దగ్గరే తేడా వస్తుంది. టీవీ సిగ్నల్‌కి ఇంటి దగ్గర చాలా ఎక్కువ పవర్ కావాలి. అందుకని కంట్రోల్ రూమ్‌లో ఈడీఎఫ్‌ఏ అనే యాంప్లిఫయర్ పెడతారు. 16 పోర్టులది, ఒక్కో పోర్టుకి 20 డీబీఎం, అంటే 100 మిల్లీవాట్లు. మొత్తం ఒకటిన్నర వాట్ పైన. ఆ పెట్టె అక్కడ ఫ్యాను చప్పుడు చేసుకుంటూ పచ్చలైట్లతో స్విచ్‌లాగే కూర్చుని ఉంటుంది. పక్కన ఉన్న ఓఎల్‌టీకి, దానికి చూడ్డానికి తేడా తెలియదు. రెండిట్లో నుంచి వచ్చేదీ అదే పసుపు ప్యాచ్ కార్డ్.

డీబీఎం లెక్కలో ఉన్న చిక్కు ఇదే. 3 పెరిగితే రెట్టింపు, 10 పెరిగితే పది రెట్లు. 5కి 20కి మధ్య తేడా పదిహేనే కదా అనిపిస్తుంది. నిజానికి ముప్పై రెట్లకు పైన. మా వాళ్ళు రోజూ "మైనస్ ఇరవై వస్తోంది", "ప్లస్ పద్దెనిమిది ఉంది" అని మాట్లాడుకుంటారు. మైనస్ ఇరవై అంటే మిల్లీవాట్‌లో నూరో వంతు. ప్లస్ ఇరవై అంటే వంద మిల్లీవాట్లు. రెండిటికీ మధ్య పది వేల రెట్లు ఉంది. మాటలో మాత్రం ప్లస్, మైనస్ అనే ఒక్క ముక్కే తేడా.

ఇక్కడే ఇళ్ళలోవాళ్ళకి ఒక మాట చెప్పాలి. ఒక మామ్మగారు "బాబూ, ఈ వైరులో లేజర్ ఉంటుందట కదా, మనవడు మంచం పక్కనే పడుకుంటాడు" అని ఇంట్లో ఫైబర్ చివర బిగించే చిన్న పెట్టెని (ఓఎన్‌టీ) బాల్కనీలో పెట్టించుకున్నారు. వానకి తడిసి అది పోయింది. ఇంటిదాకా వచ్చేసరికి నెట్ కాంతి మైనస్ పద్దెనిమిది, మైనస్ ఇరవై మూడు, ఆ ప్రాంతంలో ఉంటుంది. మిల్లీవాట్‌లో నూరో వంతు అటూ ఇటూ. ఇంకా మంచి సంగతి, ఇంట్లోని ఓఎన్‌టీ అవతలి నుంచి కాంతి అందితేనే తన లేజర్ వెలిగిస్తుంది. ఫైబర్ పీకేస్తే అది నోరు మూసుకుంటుంది. టీవీ కూడా అదే ఫైబర్‌లో వచ్చే ఇళ్ళలో అంతకన్నా ఎక్కువే ఉంటుంది, అయినా భయపడేంత కాదు. పిల్లలు ఆ వైరు జోలికి పోకూడదని నేనూ చెప్తాను. కానీ దానికి కారణం లేజర్ కాదు, విరిగితే లోపల ఉన్నది గాజు.

కంట్రోల్ రూమ్ వైపు ఆ నోరు మూసుకునే గుణం లేదు. దూరప్రాంతాల పెద్ద లైన్లలో, ఊరి నుంచి ఊరికి పోయేవాటిలో, ఫైబర్ తెగితే పవర్ తనంతట తనే తగ్గిపోయే ఏర్పాటు ఉంటుంది. దానికి ఐటీయూ (అంతర్జాతీయ టెలికాం సంస్థ) జీ.664 అని ప్రమాణం కూడా ఉంది. అవతలి నుంచి తిరుగు కాంతి ఆగిపోయిందంటే ఎక్కడో తెగినట్టు, వెంటనే తగ్గించు, అదీ లెక్క. మన ఊళ్ళో లైను అలా పనిచెయ్యదు. ఒక్క ఫైబర్ మీద 64 ఇళ్ళు ఉన్నప్పుడు ఒక కొమ్మ తెగిందని మొత్తం ఆపలేరు కదా. టీవీ అయితే పూర్తిగా ఒకవైపు ప్రయాణమే, ఇంటి నుంచి వెనక్కి ఏమీ రాదు. కాబట్టి రోడ్డు మీద పొక్లెయిన్ కేబుల్‌ని తెంపేసినా కంట్రోల్ రూమ్‌లో పెట్టె హాయిగా వంద మిల్లీవాట్లు పోస్తూనే ఉంటుంది.

ఆ తెగిన కేబుల్ దగ్గరికి మేం వెళ్తాం. 24 ఫైబర్ల కేబుల్ అనుకోండి. ఒలిస్తే నీలం, నారింజ, పచ్చ, గోధుమ, బూడిద, తెలుపు, ఇలా రంగురంగుల పోగులు బయటికొస్తాయి. నీలంలో నెట్ ఉంటుంది, నారింజలో టీవీ, పచ్చది ఖాళీ. చూపుకి అన్నీ ఒకటే. తెగిన మొన గరుకుగా ఉంటే కాంతి చెల్లాచెదురైపోతుంది. మనం స్ట్రిప్పర్‌తో ఒలిచి, ఆల్కహాల్‌తో తుడిచి, క్లీవర్‌తో టక్కున కోస్తామే, అప్పుడు అది నున్నటి మూతి అవుతుంది. సరిగ్గా అప్పుడే దాన్ని మొహానికి దగ్గరగా తెచ్చుకుని చూస్తాం, కోత బాగా వచ్చిందా అని. చూపు తగ్గిన సీనియర్లు కొందరు భూతద్దం పెట్టుకుని మరీ చూస్తారు. విచ్చుకుపోయే కాంతిని మళ్ళీ పోగుచేసి కంట్లో పోసేది ఆ అద్దమే. పరికరాల మీద క్లాస్ 1ఎం అని రాసి ఉంటే అర్థం అదే: ఉత్త కంటికి పరవాలేదు, అద్దం పెట్టి చూస్తే పరవా ఉంది. కనెక్టర్ మూతి చూసే చేతి మైక్రోస్కోపుల సంగతీ ఇదే. రెండు వందల రెట్లు, నాలుగు వందల రెట్లు పెంచి చూపిస్తాయి. లోపల ఇన్‌ఫ్రారెడ్ ఫిల్టర్ లేని చవక రకాన్ని లైవ్ ఫైబర్‌కి పెట్టి చూడడం మాత్రం ఎవరూ చెయ్యొద్దు. దండం పెట్టి చెప్తున్నాను. చిన్న స్క్రీన్ మీద బొమ్మ చూపించే రకం కొనండి. అందులో కాంతి పడేది కెమెరా మీద, మన కంటి మీద కాదు.

సెల్‌ఫోన్ కెమెరాతో చూస్తామనేవాళ్ళు ఉన్నారు. టీవీ రిమోట్ నొక్కితే కొన్ని ఫోన్లలో ఊదారంగు మెరుపు కనిపిస్తుంది కదా, అలా కనిపిస్తుందని నమ్మకం. 850 నానోమీటర్ల పాత లేజర్లకి కొన్ని ఫోన్లలో కనిపించవచ్చు. 1310, 1490, 1550 ఫోన్ సెన్సర్‌కి ఆనవు. సిలికాన్‌కి 1100 దాటితే చూపు లేదు. కాబట్టి ఫోన్‌లో ఏమీ కనపడకపోతే ఏమీ లేదని కాదు. ఈ అరకొర తెలివి తెలియనితనం కన్నా చేటు. తెలియనివాడు కనీసం అడుగుతాడు. ఫోన్‌లో చూసినవాడు ధైర్యంగా కన్ను పెడతాడు.

కనపడని లేజర్ గురించి ఇంతసేపు చెప్పాను. కానీ మా సంచిలో కంటికి అన్నిటికన్నా ప్రమాదం ఏదంటే నేను ఎర్రలైట్ పెన్నే చూపిస్తాను. ఫైబర్ ఎక్కడ విరిగిందో చూడ్డానికి వాడే పెన్ను అది. 650 నానోమీటర్లు, పూర్తిగా రెటీనా మీద కేంద్రీకరించే కాంతి. రెప్ప కొట్టేలోపు హాని చెయ్యదు అని ఎర్రకాంతికి పెట్టిన హద్దు 1 మిల్లీవాట్. 5 దాటితే 3బీ తరగతి, అంటే నేరుగా చూస్తే కంటికి ప్రమాదం. బజార్లో మాకు దొరికే పెన్నులు 10, 20, 30 మిల్లీవాట్లు. ఎక్కువ ఉంటే ఎక్కువ దూరం పోతుందని 30 అడిగి మరీ కొంటాం. ఇంట్లో పది మీటర్ల వైరు చూడ్డానికి అదెందుకు? నాకైతే 10 చాలు. 10 కూడా కంట్లోకి చూసేది కాదు. ఒకసారి ఒక ఇంట్లో నేను ఓఎన్‌టీ బిగిస్తుంటే ఐదేళ్ళ పిల్లాడు నా సంచిలోంచి ఆ పెన్ను తీసి గోడ మీద వేసుకుని ఆడుతున్నాడు. ఎర్రచుక్క చూసి వాళ్ళ చెల్లెలు కేరింతలు కొడుతోంది. వాళ్ళ నాన్న నవ్వుతూ చూస్తున్నారు. పెన్ను లాక్కుంటే ఏడుస్తాడని నేను కూడా ఒక్క క్షణం తటపటాయించాను. ఆ క్షణం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. అప్పటి నుంచి పెన్నులో బ్యాటరీలు పని ఉన్నప్పుడే వేస్తాను.

గాజు ముక్కల గురించి కూడా చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధం అవుతుంది, ఎందుకంటే మా ఒంట్లో రోజూ దిగేవి అవే. రాత్రి పదకొండు గంటలు, రోడ్డు పక్కన లారీ పట్టా పరిచి, ఫోన్ టార్చి వెలుగులో స్ప్లైసింగ్, అంటే తెగిన ఫైబర్లు అతికించే పని. క్లీవర్ టక్కుమన్న ప్రతిసారీ ఒక చిన్న ముక్క రాలుతుంది. మందం మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. పట్టా మీద పడితే కనపడదు. బొటనవేలికి గుచ్చుకుంటే వెంటనే తెలియదు, ఇంటికెళ్ళి అన్నం కలుపుతుంటే చురుక్కుమంటుంది. అదే చేత్తో కన్ను నులుముకుంటే? నేను నల్లగుడ్డ పరుస్తాను, దాని మీద తెల్లని ముక్క కనపడుతుంది. మూత ఉన్న పాత మందుల డబ్బాలో ముక్కలు వేస్తాను. పని అయ్యాక చేతివేళ్ళకి, గుడ్డకి సెల్లో టేపు అద్ది లాగుతాను. చేతులు కడిగితే తప్ప టీ తాగను. ఈ నాలుగు అలవాట్లకి ఖర్చు లేదు.

అసలు నేను చెప్పదలచింది ఖర్చు ఉన్న విషయం గురించి.

"కంటితో చూడొద్దు" అని చెప్పి ఊరుకుంటే సరిపోదని నా వాదన. మనిషి ఊరికే చూడడు. లైట్ వస్తోందో లేదో తెలుసుకోవాలి కాబట్టి చూస్తాడు. కింద కస్టమర్ అరుస్తుంటాడు, ఓనర్ ఐదు నిమిషాలకోసారి ఫోన్ చేస్తాడు, కనెక్షన్‌కి ఇంత అని లెక్కగట్టి డబ్బిస్తారు. ఆ టెన్షన్‌లో చేతిలో పవర్ మీటర్ లేకపోతే మిగిలింది కన్నే. ఆరుగురు పనిచేసే చోట ఒక్క మీటర్ ఉంటుంది, అది ఎప్పుడూ ఇంకొకరి దగ్గర ఉంటుంది. లక్ష రూపాయల స్ప్లైసింగ్ మెషీన్ కొన్నవాళ్ళు వెయ్యి, రెండు వేలకి దొరికే మీటర్ మనిషికొకటి కొనరు. మళ్ళీ అది సరైనదై ఉండాలి. చవక మీటర్లు రెండు రకాలు వస్తాయి, ప్లస్ 10 దాకా కొలిచేవి, ప్లస్ 26 దాకా కొలిచేవి. టీవీ ఉన్నచోట మొదటి రకం యాంప్లిఫయర్ పోర్టుకి పెడితే తప్పు లెక్క చూపిస్తుంది, పాడైనా పాడవుతుంది. రెండో రకమే కొనాలి.

పెట్టెల మీద హెచ్చరిక ఉంది కదా అంటారు. ఉంది. పసుపు త్రికోణం, దాని కింద ఇంగ్లీషులో సన్న అక్షరాలు, ర్యాక్‌లో బిగించాక పై పెట్టె చాటున పడిపోతుంది. మా కుర్రాడు పదో తరగతి తెలుగు మీడియం. "ఇన్విజిబుల్" అనే మాటకి అర్థం తెలిసినా, అది తన చేతిలోని కార్డ్ గురించి చెప్తోందని వాడికి ఎలా తట్టాలి? పరికరం తయారుచేసినవాళ్ళు తమ పూచీ దించుకోవడానికి అంటించింది అది. మా వాడికి చెప్పడానికి కాదు.

ఆ రోజు లైను ఎందుకు పనిచెయ్యలేదో చెప్పడం మర్చిపోయాను. ఎఫ్‌ఎంఎస్‌లో అవతలి వైపు పిగ్‌టెయిల్ (లైను చివర అతికించిన చిన్న ఫైబర్) కనెక్టర్ మూతి మధ్యలో నల్లచుక్క. పవర్ ఆపకుండా, తుడవకుండా గుచ్చారు. మూతి మీది దుమ్ము ఆ వంద మిల్లీవాట్లకి కాలి గాజుకి అంటుకుపోయింది. కుర్రాడికి స్క్రీన్ మీద పెద్దది చేసి ఆ మచ్చ చూపించాను. చాలాసేపు చూశాడు. "అన్నా, ఇది గాజు కదా" అన్నాడు. గాజే అన్నాను. ఇంకేమీ అడగలేదు.

తర్వాత ఇద్దరం కూర్చుని ఆ పెట్టె ముందువైపు తెల్లటి స్టిక్కర్ అంటించి మార్కర్‌తో రాశాం. అక్షరాలు వాడివే: "టీవీ లైట్. కంటికి కనపడదు. 100 మిల్లీవాట్లు. ముందు ఆపు, తర్వాత పీకు. మీటర్‌తోనే చూడు." ఎఫ్‌ఎంఎస్‌లో టీవీ వెళ్ళే పోర్టులకి ఎర్రటేపు చుట్టాం. వాడని పోర్టులన్నిటికీ మూతలు వెతికి పెట్టాం, సగం మూతలు నేల మీద ర్యాక్ కింద దొరికాయి. గంటన్నర పట్టింది.

ఆ ఓనర్‌గారితో మర్నాడు మాట్లాడాను. ఆరు మీటర్లు, రెండు స్క్రీన్ స్కోపులు, అందరికీ మామూలు రక్షణ కళ్ళద్దాలు, అవి గాజు ముక్కల కోసం. కొత్తగా చేరేవాళ్ళకి ఒకసారి కంటి డాక్టర్ దగ్గర రెటీనా పరీక్ష. రంగు గాగుల్స్ అడగలేదు. ఏ నానోమీటర్‌కి ఏ అద్దమో తెలియకుండా కొన్న గాగుల్స్ పెట్టుకుని ధైర్యంగా చూసేవాళ్ళు తయారవుతారని. ఆయన చెడ్డవారు కాదు, విన్నారు. "సంవత్సరానికి ఒక మీటర్ పారేస్తారయ్యా వీళ్ళు" అన్నారు. పారేస్తే వాళ్ళ జీతంలో కోయొద్దని కూడా అడిగాను, కోస్తే భయపడి మీటర్‌ని ఆఫీసులోనే పెట్టి వెళ్తారు, మళ్ళీ కన్నే గతి.

ఇప్పటికి రెండు మీటర్లు వచ్చాయి, ప్లస్ 26 రకమే. ఒకటి ఆ కుర్రాడి దగ్గర ఉంది. మిగతా నాలుగింటి సంగతి వచ్చే నెల బిల్లు ఇచ్చేటప్పుడు మళ్ళీ అడుగుతాను.